ఎర్రదారం ముడి

అయిదు రోజులకోసారి పొద్దున్నే కత్తెర చప్పుడు వినపడగానే ఇంద్రజ వంటింట్లోంచి తల తిప్పేది. హాల్లో భర్త రాధాకృష్ణమూర్తి మాత్రల షీటును సరిగ్గా సగానికి కత్తిరిస్తూ ఉండేవాడు. అయిదు ఆయనకి, అయిదు ఆమెకి. వాపు, నొప్పి తగ్గడానికి ఆయన మోకాలికి డిస్పెన్సరీలో రాసిచ్చిన మాత్రలవి. నొప్పి ఎవరిదైనా నొప్పేగా అని ఆమె వేళ్లకూ అవే పంచుతున్నాడు, మూడు నెలలుగా.

ఆయన మోకాలు నెమ్మదించింది. దేశ రాజధానిలోని ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి మెట్రో దాకా నడిచే వెళ్తున్నాడు. ఇంద్రజ వేళ్లు మాత్రం కణుపుల దగ్గర వాచి, చలికి విచ్చుకోని మొగ్గల్లా ముడుచుకునే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కాలంటే కిటికీ బయటి పొగమంచు విడిపోయేదాకా ఆగాలి. ఇరవై రెండేళ్లుగా కాలనీ చీరలన్నిటికీ ఫాల్స్ కుట్టిన వేళ్లవి.

"మాత్ర ఒకటే కదా ఇంద్రా. నాకు పనిచేసింది నీకెందుకు చెయ్యదు? కుట్టడం విసుగొచ్చిందని చెప్పెయ్యరాదూ" అన్నాడొక ఆదివారం. అనడమే కాదు, కుట్టుమిషను ఇచ్చేస్తామని కింది ఇంటి చాందినికి మాట కూడా ఇచ్చేశాడు.

అనుమానం ఆ పూటే మొలిచింది. మందు గడువు తారీఖు అచ్చు ఎప్పుడూ ఆయన ముక్క మీదే ఉంటుంది. ఆమె ముక్క మీద ఏమీ ఉండదు. పాత గొడుగు పుల్లలు కూడా పారెయ్యని మనిషి. కత్తిరించిన ముక్క దాచి, బీరువాలో మురిగిన మాత్రలు తనకి తోసి, కొత్తవి ఆయన మింగుతున్నాడా?

మర్నాడు తనకిచ్చిన ముక్క మూలన సూదితో పొడిచి, ఎర్రదారం పోగొకటి కనీకనపడకుండా ముడేసింది. ఆయన స్నానానికి వెళ్లగానే దాన్ని ఆయన మాత్రలు దాచుకునే కళ్లజోడు పెట్టెలో ఉంచి, ఆయన ముక్క తను తీసుకుంది. తర్వాతి షీటుకీ అలాగే చేసింది. పది రోజులు ఆయన వాటా ఆమె, ఆమె వాటా ఆయన వేసుకున్నారు. ఆయన మెట్లు దిగుతుంటే తలుపు చాటున నిలబడి మోకాలి చప్పుడుకి చెవొగ్గేది.

ఆయన హాయిగానే దిగాడు. ఆమె వేళ్లు విచ్చుకోలేదు. పైగా కడుపులో మంట.

అయితే మోసం మాత్రలో లేదు. మరి తన ఒంట్లోనే ఉందా? ఈ అనుమానం మొదటిదానికన్నా ఎక్కువ భయపెట్టింది.

పదకొండో రోజు ఎవరికీ చెప్పకుండా కాలనీలోని డాక్టర్ ప్రీతి దగ్గరికి వెళ్లింది. నగరం అంచున వైశాలిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"ఈ మందు మీకు ఎవరు రాశారు ఆంటీ?"

"మా ఆయనకి రాశారమ్మా."

"అచ్ఛా. అంటే మీకు ఎవరూ రాయలేదు." ప్రీతి ఆమె వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. "ముందు ఇవి ఆపెయ్యండి, కడుపు పాడవుతుంది. ఒకే మందు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేలా పనిచెయ్యకపోవచ్చు. చాలా ఏళ్లు మందుల్ని ఎక్కువగా మగవాళ్ల మీదే పరీక్షించారు. ఈ రకం మాత్రల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. అసలు మీ నొప్పే వేరు కావచ్చు. బ్లడ్ టెస్ట్ చేయిద్దాం."

"నేను నటించట్లేదుగా?"

"ఈ వాపు ఎవరు నటించగలరు ఆంటీ?"

ఇంటికొచ్చేసరికి మిషను తీసుకెళ్లడానికి గుమ్మంలో చాందిని. "దీదీ, మెషీన్ లే జావూ?"

"నహీ" అంది ఇంద్రజ. చాందిని హాల్లో ఉన్న మూర్తి వైపు చూసి మెట్లు దిగింది.

ఇంద్రజ డాక్టరు రాసిచ్చిన చీటీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఈ మందు నీకు పనికిరాదని డాక్టరు నిజంగానే అందా?"

ఆమె ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి, ఖాళీ ముక్క మూలనున్న ఎర్రదారం ముడి చూపించింది. "పది రోజులు నా ముక్క మీరు వేసుకున్నారు. మీది నేను వేసుకున్నాను. మీకు తగ్గింది. నాకు తగ్గలేదు."

ఆయన ముడి వైపు చూశాడు. తర్వాత చేతిలోని టీ కప్పులోకీ చూశాడు. "ఇందులో ఏం కలపలేదు కదా?"

"తాగి చూడండి."

తాగాడు. కప్పు పక్కన పెట్టి, మందుల డబ్బాలోంచి కత్తెర తీసి, కుట్టుమిషను సొరుగులో పెట్టాడు. బ్లడ్ టెస్ట్ చీటీ మడిచి చొక్కా జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ ఆమె కోసం ఆగాడు.