నోరా ఆంటీ వంతు

డబ్లిన్‌లో నేను అద్దెకుంటున్న వీధిలో ఎవరో ఇంకా పొయ్యిలో పీట్ గడ్డలు, బురదనేల తవ్వి ఎండబెట్టిన మట్టి, కాలుస్తున్నారు. ఆ మట్టిపొగ కిటికీలోంచి రాగానే నాకు పన్నెండేళ్ల వయసు, అత్లోన్‌లో మా పెరటి గోడ, ఊరంతా తలుపులు మూసుకున్న ఆ కరోనా వసంతం గుర్తొస్తాయి.

గోడకు అవతల జో అంకుల్, నోరా ఆంటీ ఉండేవారు. డెబ్బై దాటినవాళ్లు గేటు దాటకూడదన్నారు, మా బడీ మూతపడింది. సాయంత్రాలు వాళ్లు పెరట్లో కుర్చీలు వేసుకుని రెండు బాంజోలు వాయిస్తుంటే, నేను బోర్లించిన బకెట్టు మీద నిలబడి, బడిలో ఇచ్చిన ఉకులేలే అనే చిన్న నాలుగుతీగల గిటారుతో వాళ్లలాగే వాయించబోయేదాన్ని. బాంజోలో బొటనవేలి పక్క తీగ అన్నిటికంటే సన్నగా పలికేది. నా ఉకులేలేలోనూ పై తీగ అంతే. ఎందుకని అడిగితే ఆంటీ చెప్పలేదు, చేసి చూపించారు: గోటి వెనకవైపుతో ఒక తీగను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో ఆ సన్నతీగను మీటాలి. వారంలో నా గోరు విరిగింది. ఉగాదికి మామిడికాయ దొరక్క పుల్ల ఆపిల్‌తో అమ్మ చేసిన పచ్చడి గోడ మీద పెడితే, అంకుల్ ఒక చెంచాకే ముఖం చిట్లించారు, ఆంటీ గిన్నె ఖాళీ చేశారు.

వాళ్లిద్దరికీ ఇష్టమైన పాట ఒకటుండేది. అంకుల్ ఒక వరుస వాయించి ఆపితే, ఆంటీ దానికి జవాబు వాయించేవారు. ఆంటీ కుర్చీ మా గోడ వైపు ఉండేది కనుక నేను ఆ జవాబులే నేర్చుకున్నాను.

ఏప్రిల్ చివర్లో నోరా ఆంటీ ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. మిగతా వీధంతా ఎవరి గేటు దగ్గర వాళ్లం దూరం దూరంగా నిలబడి, శవపేటిక ఉన్న కారు వెళ్లేదాకా చూశాం. ఇంట్లోకి వచ్చి నేను ఉకులేలే అందుకున్నాను.

“పక్కింట్ల మనిషి పోయింది, నువ్వు టింగుటింగుమంటె ఆయనకెట్లుంటది?” అంది అమ్మ.

“బట్ మామ్, షీ టాట్ మీ!”

“నేర్పితె? నెల దాంక చప్పుడు చెయ్యొద్దు.”

ఉకులేలే వంటింటి ప్రెస్ మీదికి, అంటే అలమారా మీదికి, గిన్నెల పక్కకు వెళ్లింది.

మూడు వారాలు గడిచాక జో అంకుల్ గోడ తట్టారు. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నారు. పాపకు జబ్బు చేసిందా అని అడిగారు. అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో, మీ దుఃఖానికి మర్యాదగా ఆపించానని చెప్పింది. ఆయన కాదన్నట్టు చెయ్యి ఊపారు.

“మా ఇళ్లల్లో మనిషి పోతే ఇంటినిండా వాయిస్తామమ్మా. ఆ రోజు నుంచి వెనక తలుపు తెరిచే పెడుతున్నాను, పాప వాయిస్తుందేమోనని.”

వచ్చే మంగళవారానికి నెల నిండుతుందట. వాళ్లలో ఆ రోజు చర్చిలో ప్రార్థన ఉంటుంది, చర్చి మూసి ఉంది. తమ పాటైనా వాయిద్దామంటే నోరా వంతు వాయించేవాళ్లు లేరు.

అమ్మ ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగి, “మాసికమన్నట్టు. ఊకె నిలవడ్డవేంది, ఆ ప్రెస్ మీదికెల్లి తీస్కరాపో!” అంది.

నాలుగు రోజులే ఉన్నాయి. వేళ్లు చాలావరకు మరిచిపోయాయి. ఆయన అటు, నేను ఇటు, ఎంత సాధన చేసినా మూడో జవాబు దగ్గర తడబడేదాన్ని. మంగళవారం అమ్మ పులిహోర చేసి, చీర కట్టుకుని వచ్చి నిలబడింది. మూడో జవాబు దగ్గర మళ్లీ నా వేళ్లు ఆగిపోయాయి. ఆయన తల ఎత్తలేదు, తొందరపడలేదు. ఆ జవాబుకు పట్టేంతసేపు నిశ్శబ్దంగా ఆగి, అది విన్నట్టే తల ఊపి, తర్వాతి వరుస అందుకున్నారు. నాలుగో జవాబులో నేను తప్పలేదు. “గ్రాండ్,” అని లోపలికి వెళ్లిపోయారు.

రెండు చలికాలాల కిందట జో అంకుల్ కూడా పోయారు. ఆ పాట పేరేమిటో తెలుసుకోవాలని కనిపించిన బాంజోవాళ్లందరికీ వాయించి చూపిస్తున్నాను. వాళ్లు శ్రద్ధగా విని, మొదలు ఎలా ఉంటుందని అడుగుతారు. నాకు వచ్చినవి జవాబులే. మొదటి వరుస అడిగి నేర్చుకోవాలని అప్పుడు తోచలేదు, ఎప్పుడూ ఆయనే మొదలుపెట్టేవారు.