తెరుచుకోని ఫైలు, ఎదురింటి టీచరు గారు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఎదురింటి టీచరు గారు పోయారని మొన్న పొద్దున్న వాళ్ళ తమ్ముడు గేటు దగ్గర నిలబడి చెప్పారు. ఆవిడ గురించి రాస్తే ముందు ఆవిడకే నచ్చదు. నచ్చకపోయినా ఇప్పుడు అడ్డు చెప్పలేరు కదా అని మొదలుపెట్టాను.

భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఒక్క మాట మాట్లాడి వెళ్దామని మా గేటు దగ్గర ఆగేవారు. ఆ ఒక్క మాటా గంట పట్టేది. ఎవరి వల్ల అన్నది ఇక్కడ అప్రస్తుతం.

నాకు బడి చదువు తక్కువ. కంప్యూటరు నా అంతట నేనే నేర్చుకున్నాను, నీళ్ళు మింగుతూ ఈత నేర్చుకున్నట్టు. అందులో మా వాళ్ళ గురించి రాసుకుంటాను. మనిషికో ఫోల్డరు, అందులో ఆ మనిషి ఫైలు. ఎవరు ఎవరి ద్వారా తెలిశారో వాళ్ళ ఫోల్డరు లోపలే వీళ్ళ ఫోల్డరు. పెద్ద మావయ్య గారి లోపల అత్తయ్య గారు, ఆవిడ లోపల ఆవిడ చెల్లెలు గారు, అలా పేరూ వరసా గారూ ఏదీ వదలకుండా. అందరికన్నా లోపల అమ్మ. నాకు ఊహ తెలియకముందే పోయింది. వాళ్ళూ వీళ్ళూ చెప్పినదే నాకున్న అమ్మ. చెప్పినవాళ్ళూ ఇప్పుడు లేరు.

ఒకరోజు అందంగా ఉంటుందని అందరి పేర్లకీ ముందు ఊరి పేరూ, ఇంటిపేరూ చేర్చాను. ఆ తర్వాత అమ్మ ఫైలు తెరవబోతే, నేను రాసుకునే ఎడిటరు ప్రోగ్రాము కాసేపు ఆలోచించి దానంతటదే మూసుకుపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. దానికి ఇంకో కాపీ లేదు.

టీచరు గారు వచ్చి ఏదీ ముట్టుకోకుండా కూర్చున్నారు. బయటి ఫోల్డరు నుంచి అమ్మ ఫైలు దాకా దారిలో ఉన్న పేర్లన్నీ పైకి చదవమని కళ్ళు మూసుకున్నారు. పెద్ద కాలవలోంచి పిల్లకాలవలోకి, అక్కణ్ణించి చేలోకి నీళ్ళు పాకినట్టు ఒకరిలోంచి ఒకరిలోకి వెళ్తున్నాను. మధ్యాహ్నపు గాలికి నాకే మగత కమ్మింది. ఆవిడ నిద్రపోయారనుకున్నాను.

"ఇంకా ఎంతమందున్నారండి, బాబాయి గారూ?"

"ఇంకో ముగ్గురమ్మా."

అప్పుడు లేచి, బయటినుంచి ఒక్కొక్కరి ఫైలే తెరుచుకుంటూ వెళ్ళారు. మావయ్య గారు తెరుచుకున్నారు. అత్తయ్య గారూ తెరుచుకున్నారు. చెల్లెలు గారి దగ్గర ఎడిటరు మూసుకుపోయింది.

"ఫైలుకేమీ కాలేదండి. దారి పొడుగైపోయింది, ఈ ఎడిటరు మొయ్యలేకపోతోంది. పేర్లు తగ్గిద్దాం."

మావయ్య గారి బదులు ఒకటి అని అంకె వేద్దామన్నారు. అంతటి మనిషికి అంకె ఏంటమ్మా అని నేను బిగుసుకున్నాను.

"పేరు తగ్గితే మనిషి తగ్గరండి. గుమ్మంలో నిలబడ్డ ఆయన కాస్త పక్కకి జరుగుతున్నారంతే."

కానీ ప్రతి పేరూ తీసేముందు ఆ మనిషి ఎలా ఉండేవారని అడిగారు. నేను చెప్పడం అయ్యాకే తీశారు. సాయంత్రమైపోయింది. చివరికి అమ్మ తెరుచుకుంది. ఆవిడ తెర వంక చూడకుండా, మీరు చదువుకోండని అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు.

నిన్న సమాధి దగ్గర్నించి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. అమ్మ నాకు మళ్ళీ దొరికింది ఆవిడ ద్వారా. అందుకని అందరికన్నా బయట 'టీచరు గారు' అని కొత్త ఫోల్డరు పెట్టి, అమ్మని అందులోకి మార్చాను. నొక్కి చూశాను. తెరుచుకుంది.