పూరీ గేట్ నుంచి దూడ కబుర్లు

పంతొమ్మిదివందల అరవైల్లో మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో రిటైరవగానే అక్కడి పూరీ గేట్ పేటలోని క్వార్టరు ఖాళీ చేసి శ్రీకాకుళం వచ్చేశాం. మా ఆవు గౌరిని మాత్రం, ఎన్నటికీ అమ్మకూడదని మాట తీసుకుని, పక్కింటి సూరమ్మ వదినకి అప్పగించాం.

పాసు మీద మా వైపు వచ్చే రైల్వేవాళ్ళందరితోనూ వదిన కబురు పంపేది. గౌరి ఈనిందట. పెయ్యదూడట. నుదుట తెల్లచుక్కట.

ఆ మరుసటేడు ఖరగ్‌పూర్లో ఓ పెళ్ళికి వెళ్తూ దూడ మెడకి మువ్వల పట్టెడ కొన్నాను. తీరా వదిన ఇంటికెళ్ళి చూస్తే పశువుల పాక నిండా బొగ్గులు.

"గౌరేదీ వదినా?"

"మీరెల్లిన నెలకే మిఠాయికొట్టు బెంగాలీ దాదాకి అమ్మీసినాం అమ్మీ. ఏటి సెయ్యమంతావు? మీరంత ఆశగా కబురంపి అడుగుతుంటే నేదని సెప్పడానికి నోరు రానేదు."

"మరి దూడ?"

వదిన టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవును అమ్ముకున్నందుకు నాకిప్పుడు కోపం లేదు. కానీ ఆ లేని దూడకి అమ్మా నేనూ పోట్లాడుకుని మరీ పార్వతి అని పేరు పెట్టి, కబురు పంపాం. పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొస్తోందని వదిన తిరుగు కబురు పంపింది.