నరకంలో అమ్మమ్మను నిలబెట్టినవాడి బ్రిజే వెర్దియేర్ ప్రయాణం

పోర్ట్ లూయిస్ నుంచి బ్రిజే వెర్దియేర్ వెళ్ళడం ఇప్పటివాళ్ళకు ఒక ప్రయాణమే కాదు. నేను చెప్పబోయేది మాత్రం మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందు మాట. అప్పుడు నేను కొట్లకూ బస్సులకూ బోర్డులు రాసుకుంటూ బతికేవాణ్ణి. మా పిన్నికి జబ్బు ముదిరిందనీ, చివరి ప్రార్థన చేయడానికొచ్చిన ఫాదర్‌ను గుమ్మంలోంచే పంపేసిందనీ బాబాయి కబురుపెట్టాడు. "అంతా నువ్వు వేసిన బొమ్మ వల్లే. వచ్చి ఏదో ఒకటి చెయ్యి. ప్రార్థన లేకుండా పోతే చర్చి శ్మశానంలో చోటివ్వరు, మా వాళ్ళందరికీ దూరంగా పూడ్చాలి" అన్నాడట.

ఆ బొమ్మ సంగతి చెప్పాలి. మా అప్పలమ్మ పిన్ని నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్ళో పుట్టి, ఆఫ్రికా సంతతి క్రియోల్ మనిషి జోసెఫ్‌ను చేసుకుని, అటే క్రైస్తవంలో కలిసింది. మూడేళ్ళ ముందు వాళ్ళ ఊరి చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు తన పాఠాల గదికని నాచేత గుడ్డమీద పెద్ద పటం వేయించాడు. పైన స్వర్గం, కింద నరకం. చూసి వెయ్యమని ఇచ్చిన పాత పటం తుఫానులో తడిసి, కింది సగం చెరిగిపోయింది. "అక్కడ నీకు తోచింది వెయ్యి. విగ్రహాలకు మొక్కేవాళ్ళు కూడా ఉండాలి సుమా" అన్నాడు. అక్షరాలు రాసుకునేవాడికి ఏం తోస్తుంది! మన యమలోకం కథల్లోంచి నూనె మూకుళ్ళు తెచ్చి పెట్టేశాను. మనుషుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. నాకు వచ్చిన ముఖం ఒక్కటే, చిన్నప్పుడు పలకమీద వందసార్లు గీసిన మా అమ్మమ్మది. ముక్కుపుడక, రూపాయంత బొట్టు, గట్టిగా బిగించిన ముడి. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు. బొమ్మే కదా అని మంటల మధ్య నిలబెట్టేశాను. పిన్ని ఆ గదిలోకి వెళ్తుందని తట్టనే లేదు. బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను.

పొద్దున్న ఆరున్నర బస్సు పట్టుకున్నాను. టిక్కెట్టు రూపాయిలోపే. మార్కెట్టు పక్కన వేడి దాల్‌పూరీలు రెండు కట్టించుకుని, ఆ బొమ్మ చెరపడానికి రంగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "ఏం పెయింటరూ, ఒలికిందంటే బస్సంతా నీచేతే కడిగిస్తా" అన్నాడు కండక్టరు. పాంప్లమూస్ దాటాక పక్కనున్న పెద్దావిడ డబ్బా ఎందుకని అడిగింది. చెప్పాను. ఆవిడది శనివారం ఆరాధన చేసే క్రైస్తవ సంఘమట. "అయ్యో, ఇప్పుడు ఎవరూ కాలడం లేదు నాయనా! చచ్చిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారు. దేవుడు లేపేదాకా వాళ్ళకు ఏమీ తెలియదు. మీ పిన్నితో నా మాటగా చెప్పు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీ బయట చెరుకు తోటలు చూస్తూ హాయిగా రెండో పూరీ తిన్నాను.

ఎనిమిదికి దిగాను. చర్చి రోడ్డుమీదే, పిన్ని ఇల్లు చెరుకులోంచి అరగంట నడక. ముందు పని కానిచ్చుకుని శుభవార్తతో వెళ్దామని చర్చిలోకి నడిచాను. రోములో చర్చి పద్ధతులు మార్చిన పెద్ద సభ జరిగిన తర్వాత వచ్చిన కొత్త ఫాదర్ కుర్రవాడు, మెత్తని మనిషి. "నరకమంటే మూకుళ్ళూ మంటలూ కాదు. దేవుడికి దూరంగా ఉండిపోవడం. అందులో ఎవరున్నారో చెప్పడానికి మనమెవరం? చెరిపెయ్యండి" అన్నాడు. పాఠాల మాస్టారు పక్కనే ఉన్నాడు. "మంటలు లేకపోతే పిల్లలు మాట వింటారా? మా తాతల నుంచీ అది నిప్పే" అని గొణిగాడు.

పొద్దున్నుంచీ మూడు నరకాలు విన్నాను, నేను గీసిన నరకం మాత్రం పాఠాల గదిలో ఎదురుగా వేలాడుతోంది. అమ్మమ్మ ముఖం మీద తెల్లరంగు పూసి, పైన పొగ గీశాను. పదినిమిషాల్లో అయిపోయింది. చెయ్యి కడుక్కుంటూ, "పోనీ పైన, ఆ దేవదూతల పక్కన వెయ్యనా?" అని అడిగాను. ఫాదర్ నోరు విప్పేలోపే మాస్టారు, "జ్ఞానస్నానం లేనిదాన్ని పైనా?" అని లేచాడు. ఫాదర్ నావైపే చూస్తున్నాడు. నేను ఇంకోసారి అడిగి ఉంటే సరేననేవాడే. గొడవెందుకులే అని కుంచె కట్టేశాను.

పిన్ని ఎముకల గూడయిపోయింది. నన్ను చూసి నవ్వింది. "సింహాద్రీ! తిన్నావురా?"

నేను పొంగిపోతూ చెప్పాను. "పిన్నీ, అమ్మమ్మను చెరిపేశాను. ఇంక లాన్‌ఫేర్‌లో, ఆ నరకంలో లేదు. ఫాదర్‌ను పిలవనా?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. "పైన వేశావా?"

"లేదు పిన్నీ."

"మరి ఎక్కడుందిరా?"

బస్సులో ఆవిడ చెప్పిన నిద్ర మాట, ఫాదర్ చెప్పిన దూరం మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"అమ్మకు ఫోటో లేదు కదరా. ఆదివారం పూజ అయ్యాక ఆ గదికెళ్ళి కాసేపు చూసుకుని వచ్చేదాన్ని. నువ్వు ఎంత బాగా వేశావో! అమ్మ అక్కడుంటే నేనూ అక్కడికే పోతానని ఫాదర్‌ను వద్దన్నాను. నాకేం బాధ లేదురా. ఎవరు చెరపమన్నారు నిన్ను?"

బాబాయి తల వంచుకున్నాడు. బొమ్మ ఆమెను ఏడిపిస్తోందనుకున్నాం ఇద్దరం, ఆమెను అడిగిన పాపాన పోలేదు. "ఇక్కడే వేసిస్తాను పిన్నీ" అని కాగితం తీసుకున్నాను. మూడుసార్లు గీశాను. మూడుసార్లూ పిన్ని కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "ఇది మా అమ్మ కాదురా" అని తిరిగిచ్చేసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. మూడున్నర బస్సుకు నేను వచ్చేశాను.

ఆ వారంలోనే పిన్ని పోయింది. ఫాదర్‌ను రానివ్వలేదు. శ్మశానం గోడకు బయట పూడ్చారు. ఇప్పుడు చర్చిల్లో నరకం గురించి అంత గట్టిగా మాట్లాడేవాళ్ళు తక్కువ, ఎవరి నమ్మకం వాళ్ళది, అందులో ఏది నిజమో తేల్చే చదువు నాకు లేదు. నా తప్పు మంటల్లో నిలబెట్టడమని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు, చెరిపెయ్యడం. ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: పొద్దున్నే తొలి బస్సుకు వెళ్ళండి, మధ్యాహ్నం వానలు పడతాయి. జబ్బు మనిషిని చూడటానికైతే మాత్రం దారిలో ఎక్కడా ఆగకండి, నేరుగా ఇంటికే వెళ్ళి, ఏం కావాలో ముందు ఆ మనిషినే అడగండి.