మీటరెక్కిన పరువు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేకపోయినా నడుం మాత్రం వంగేది కాదు. దెందులూరు వైపు మా పొలాలు చేపల చెరువులై, ఆ చెరువులూ పరాయివాళ్లవైపోయాక, ఏలూరులో మాకు మిగిలినవి ఒక పెంకుటిల్లు, మా మేనత్త, ఆవిడ గొంతు. (ఆ గొంతును కొనేవాళ్లు దొరకలేదు.) అలాంటి నాకు తాత్కాలికంగా ఒక సర్వే పని దొరికింది. కుళాయి మూతికి చిన్న జల్లెడ బిళ్ల బిగిస్తే ఇంట్లో నీళ్ల వాడకం ఎంత తగ్గుతుందో కొలవాలి. మా వీధిలో ఇంటింటికీ మీటరు పెట్టాం. మొదటి వారం బిళ్ల లేకుండా, రెండో వారం బిళ్లతో. కొలతలు నమ్మకంగా ఉంటే ఉద్యోగం ఖాయం చేస్తామని ఆఫీసరమ్మ గారు మాటిచ్చారు.

మొదటి వారం కొలతలు భోజనాల దగ్గర చదవడం నేను చేసిన తప్పు. వీధి మొత్తంలో మాదే తక్కువ. మా వెనక వాటాలో అద్దెకుండే టైలరు మాస్టారిది అందరికన్నా ఎక్కువ.

"అద్దెకున్నవాళ్ల కన్నా మనం తక్కువా?" అంది అత్త, ముద్ద ఆపేసి.

"వాళ్లు ఎనిమిది మంది అత్తయ్యా. మనం ఇద్దరమే కదండీ."

"మనుషులు తగ్గితే మర్యాద కూడా తగ్గిపోద్దేంట్రా?"

రెండో వారం అందరి మీటర్లూ నెమ్మదించాయి, మాది పరుగెత్తింది. ఒక మధ్యాహ్నం ఇంటికొస్తే అత్త గొట్టం పట్టుకుని ప్రహరీగోడకి తలంటు పోస్తోంది. కుళాయి కట్టేయడం నా వృత్తిధర్మం. కానీ ఆ వేళ నా నోట వచ్చిన మాట, "అటు పక్క గోడ వదిలేశారండీ." గొట్టం నేనే అందుకున్నాను కూడా.

చివరి రోజున ఆఫీసరమ్మ గారు ఫైలుతో వచ్చారు. "ఏవండీ, వీధంతా తగ్గింది, మీ ఇంట్లో మూడింతలైంది. మీటరు పాడైందా?"

నేను వెన్ను నిటారుగా చేసి, "మా ఇంటికి అతిథుల తాకిడి ఎక్కువండీ" అన్నాను. (అంతకుముందు ఏడాదంతా కలిపి మా గడప తొక్కింది ఒక్క కరెంటు బిల్లతను.)

అరుగు మీద గుండీలు కుడుతున్న టైలరు మాస్టారు తలెత్తకుండానే, "అవునండీ మేడంగారూ, గోడలకి కూడా తానాలు చేయించే ఇల్లండీ" అన్నాడు.

"మావాడి మాటలకేం గానీ, నీళ్లు నేనే వదిలానమ్మా" అంటూ అత్త బయటికొచ్చింది. "తక్కువోళ్లమని మీ పుస్తకంలో ఎక్కితే రేపు ఈ వీధిలో నేను తలెత్తుకు తిరగొద్దూ?"

ఆఫీసరమ్మ గారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత నాకు పెన్ను ఇచ్చి, "కారణం అన్న గడిలో నిజం రాయండి. రాయలేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు. నా జీవితంలో అంత బరువైన పెన్ను మళ్లీ పట్టలేదు. "ఇంటి పరువు కోసం వదిలిన నీళ్లు. సర్వే చేసినవాడి చెయ్యి కూడా ఉంది" అని రాసి సంతకం పెట్టాను.

ఉద్యోగం నిలిచింది. మా ఇంటిని మాత్రం లెక్కల్లోంచి తీసేశారు. ఆ సంగతి చెబితే అత్త మొహం వెలిగిపోయింది. "చూశావా, మనల్ని అందరితో ఒకే గాటన కట్టలేకపోయారు!"

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఫ్లాటులో ఉంటున్నాను. అరబకెట్టుతో స్నానం ముగించగలను. మొన్న లిఫ్టు దగ్గర నలుగురూ ఉండగా వాచ్‌మన్, "అన్ని ఫ్లాట్లలోకీ నీళ్లు మీరే తక్కువ వాడారండీ" అన్నాడు. మెచ్చుకుంటున్నాడని తెలిసి నవ్వాను. కాకపోతే, అంత గట్టిగా చెప్పాలా అనిపించింది.