నడుమ డబ్బా మీద సమ్మయ్యన్న అరచేయి

ఇంట్లో పెద్దలు ‘సినిమాలో మాట వినబడటం లేదు’ అన్నప్పుడు మీరు ముందుగా దేనిని అనుమానిస్తారు: యంత్రాన్నా, వారి చెవులనా?

నేను చెవులనే అనుమానించాను. అది 2011, ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె సాగుతున్న కాలం. జనగామ కళాశాలలో వక్తృత్వ పోటీల్లో వాదించడం నేర్చి, భూపాలపల్లిలో హోమ్ థియేటర్లు బిగించే పనిలో చేరాను. బొగ్గుబాయి కార్మికుడు సమ్మయ్యన్న సమ్మె వల్ల ఇంటి దగ్గరే ఉన్నాడు. వారం కిందట ఆయన క్వార్టర్‌లో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ బిగించింది నేనే.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య కొమురక్క నన్ను పిలిపించింది.

“మాటలొస్తే గుసగుస, కొట్లాటొస్తే బాంబు తమ్మీ! రిమోట్ పట్టుకొని పెంచుడు, తగ్గించుడు. గిది సినిమానా, కసరత్తా?” అని నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. “ఈయన చెవులే పోయినయేమో. సమ్మె అయినంక మెడికల్ పరీక్ష ఉంది. వినపడతలేదని తేలితే బాయిల దిగనియ్యరు.”

నేను తీర్పు చెప్పేశాను. “సినిమా సౌండు అట్లనే ఉంటదక్కా. ఏండ్లకేండ్లు పేలుళ్ల దగ్గర పనిచేసిన చెవులాయె. డాక్టరుకు సూపించుండ్రి.” వాదన గట్టిగానే ఉంది, దాన్ని నిలబెట్టే ఆధారం మాత్రం ఒక్కటీ వెతకలేదు.

సమ్మయ్యన్న కోపగించుకోలేదు. “జర ఆ మాటల సీను మళ్ల పెట్టు” అన్నాడు. కళ్లు మూసుకొని ఒక్కో స్పీకర్ డబ్బా మీద అరచేయి ఆనించాడు. టీవీ కింద, నడుమనున్న డబ్బా దగ్గర ఆగాడు.

“ఇది పనిల లేదు తమ్మీ. అదురు లేదు, ఊకె కూసున్నది.”

“నీకెట్ల తెలిసిందన్నా?”

“బాయిల పైకప్పును గడ్డపారతోని తట్టుకుంట, ఇంకో చెయ్యి ఆనిచ్చి వింటం. గట్టిది ఖంగుమంటది. ఊడేది బోలుగ పలుకుతది. తప్పు విన్నోడు పైకి రాడు.”

ఆయన చూపింది సెంటర్ స్పీకర్. సినిమా సంభాషణలు ఎక్కువగా దాని నుంచే రావాలి. వెనక్కి తిప్పి చూశాను. తీగ మీది తొడుగును సరిగా ఒలవకుండానే క్లిప్పులో ఇరికించాను. రాగి తాకీ తాకనట్టుంది.

ఒలిచి బిగించాను. సెంటర్ లెవెల్ రెండు మెట్లు పెంచాను. పెద్ద చప్పుళ్లను అణచి చిన్నవాటిని పైకి తెచ్చే ‘నైట్ మోడ్’ ఆన్ చేశాను. మళ్లీ అదే సీను నడిచింది. ప్రతి మాటా తేటగా వినిపించింది. పేలుడు రాగానే కొమురక్క చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

“ఇగ నీ చెవులకేం కాలే పో,” అంది కళ్లు తుడుచుకుంటూ. “నేను బజారుకు పొమ్మంటే వినపడకపోవుడు, గది వేరే రోగం.”

నేల అడుగున, చీకట్లో, తోటివారి ప్రాణాలకు పూచీ పడిన అరచేయి అది. దానికి నేను చెవుడు అంటగట్టాను. మీకు నా విన్నపం ఒక్కటే. ఈరోజే మీ ఇంటి పెద్దలు కూర్చునే చోట కూర్చొని సినిమా పెట్టండి. మాటలు నడుస్తుండగా నడుమ స్పీకర్ మీద చెయ్యి ఆనించండి. తీగ చూడండి, సెట్టింగులు చూడండి. వారి చెవుల ప్రస్తావన ఆ తర్వాతే తెండి.