అరవై ఒకటో పేజీ

రంగూన్‌లో సేక్కాన్ రేవు పక్కసందులో జగదీశ్వరరావు డాక్టరుగారి ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక బల్ల, నరసమ్మ. పురుళ్ళు పోసేది ఆవిడ. పుట్టిన బిడ్డ వివరం పుస్తకంలో రాసేది ఆయన.

జపాను యుద్ధకాలంలో డాక్టరుగారు సైన్యంలో పనిచేశారు. జనం రంగూన్ వదిలి కాలినడకన అస్సాం దారి పట్టినప్పుడు, కలరాతో కుప్పకూలినవాళ్ళకు మందిచ్చిందీ ఆయనే, మట్టి వేయించిందీ ఆయనే. ఒక్కరి పేరూ తెలియదు. ఆ బాధ ఆయన్ను జన్మంతా వదల్లేదు. అందుకే తిరిగొచ్చాక రేవు కూలీల ఇళ్ళల్లో పుట్టిన ప్రతి బిడ్డనూ తల్లిదండ్రుల పేర్లతో సహా బర్మా భాషలో రాసిపెట్టారు. పేజీ పేజీకీ నంబరు, సర్కారు ముద్ర. కొత్త పౌరసత్వ చట్టం వచ్చి "నువ్వెవరు?" అని అడగడం మొదలయ్యాక, ఆ పేటలో మన తెలుగువాళ్ళ దగ్గర, పౌరసత్వ కార్డులిచ్చే ఆఫీసు నమ్మిన కాగితం అదొక్కటే. ఎవరు ఈ దేశంవాళ్ళో తేల్చింది ఆ ముసలాయన దస్తూరీ! నరసమ్మ కూతురు మల్లికకూ అదే ఆధారం. కార్డు వస్తేనే టీచరు ఉద్యోగం.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కి ఊరేగింపుల మీద కాల్పులు జరిపింది. ఆ మధ్యాహ్నం ఏడుగురు విద్యార్థులను రిక్షాల్లో తెచ్చి దింపారు. డాక్టరుగారు తూటాలు తీసి, కట్లు కట్టి, దొడ్డిదారిన పంపేశారు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. ఏడుగురి పేర్లూ ఊళ్ళూ అదే పుస్తకంలో, అరవై ఒకటో పేజీలో రాసేశారు మహానుభావుడు.

మర్నాడు పొద్దున్నే సందు మొదట్లో మిలటరీ లారీ ఆగింది. ఇల్లిల్లూ సోదా.

"పేర్లు దొరికితే ఆ పిల్లల్ని బతకనివ్వరు బాబూ. సింపీయండి," అంది నరసమ్మ.

"ఒక్క పేజీ పోయినా పుస్తకం సెల్లదే! ఇన్ని కుటుంబాలు ఏటైపోతాయి?" డాక్టరుగారు పుస్తకం గుండెలకు హత్తుకున్నారు. "నీ మల్లిక మాటేటి?"

నరసమ్మకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. రాయకపోతే ఏం కొంపలు మునిగేవి? బూట్ల చప్పుడు పక్కింటిదాకా వచ్చింది.

"ఆళ్ళకీ అమ్మలున్నారు బాబూ," అంటూ పుస్తకం లాక్కుని, ఆ కాగితం చింపి, సిరంజీలు మరుగుతున్న కుంపట్లోకి తోసింది.

సైనికులు బీరువా తిరగేశారు, పుస్తకం తిరగేశారు. అన్నీ పుట్టుకలే. విసుక్కుని పోయారు. పేజీలు లెక్కపెట్టాలన్న ఆలోచన వాళ్ళకు రాలేదు.

మూతపడ్డ ఆఫీసులు మళ్ళీ తెరిచాక మల్లిక వంతు వచ్చింది. తల్లీ డాక్టరుగారూ వెంట వెళ్ళారు. అధికారి వేలు తడిచేసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ, అరవై దాటగానే ఆగాడు.

"ఇక్కడి కాగితం ఏది?"

డాక్టరుగారు నోరు తెరవబోయారు. నరసమ్మ ఆయనకు అడ్డం వచ్చి, బర్మా భాషలో, "నేనే చింపానయ్యా. కుంపటి అంటుకోకపోతే," అంది.

అధికారి పుస్తకం మూసి అవతలికి తోశాడు. "ఇది చెల్లదు. సర్కారు ముద్ర ఉన్న కాగితంతో నిప్పు రాజేశావా? ఈ దేశం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ పని చేస్తారా?"

ఏడుగురి పేర్లూ నరసమ్మకు నోటికొచ్చు. పుస్తకం తీసుకుని కొంగులో చుట్టుకుంది.

మెట్లు దిగాక మల్లిక ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఎందుకు సింపేవమ్మా? నిజం సెప్పు."

ఆ పిల్లలు ఇంకా ఎక్కడెక్కడో దాక్కునే ఉన్నారు.

"సెప్పేను కదే," అంది నరసమ్మ, కూతురి మొహం చూడలేక. "కుంపటి అంటుకోనేదు."